94 కిలోల బరువు, 9 మిలియన్ల వీర్యకణాల కౌంట్: టెస్టోస్టిరాన్ సూది వేయించుకోవచ్చా?

మీ ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 9 మిలియన్లు అని రాశారు. కౌంట్ పెరగడానికి బరువు తగ్గితే చాలా, లేక అనంతపురంలో జిమ్ వాళ్లు చెప్పిన టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) సూది వేయించుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ఆ సూది జోలికి మాత్రం పోవద్దు. టెస్టోస్టిరాన్ బయటి నుంచి వస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు వదలడం తగ్గించేస్తుంది. దాంతో వృషణాల్లో వీర్యకణాల తయారీ పడిపోతుంది, కౌంట్ సున్నాకూ రావచ్చు. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 33. మనవాళ్లకు 25 నుంచే ఊబకాయం లెక్క. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది, అది కూడా పిట్యూటరీనే అణచివేస్తుంది. పైగా వృషణాలు ఒంటి వేడి కన్నా 2-4 డిగ్రీలు చల్లగా ఉండాలి. తొడల కొవ్వు, బిగుతు జీన్సు, ఎండలో కాలిన బండి సీటు ఆ చల్లదనాన్ని ఉండనివ్వవు.

అయితే ఒక్క రిపోర్టు చూసి తేల్చకూడదు. పరీక్షకు ముందు 2-7 రోజులు కలయిక లేకుండా ఉండాలి. మామూలు కండోమ్‌లో శాంపిల్ పట్టకూడదు, అందులోని పూత కణాలను చంపుతుంది. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ, అవి కింద పడితే ల్యాబ్‌లో చెప్పేయండి, సిగ్గుపడి దాస్తే కౌంట్ తప్పు వస్తుంది. శాంపిల్ గంటలోపు చేరాలి. తాడిపత్రి నుంచి బస్సులో డబ్బా పట్టుకొస్తే కణాల కదలిక తగ్గినట్టే చూపిస్తుంది, అందుకే ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. గత మూడు నెలల్లో డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది.

బరువు సంగతికొస్తే, ఆరు నెలల్లో 5-9 కిలోలు తగ్గించండి, చాలు. రాగి సంగటి ఒంటికి మంచిదే కదా అని రెండు ముద్దలు లాగిస్తే లాభం లేదు. ఒక ముద్ద, పక్కన పప్పు, ఆకుకూర ఎక్కువగా. చెనిక్కాయ నూనె మనిషికి నెలకు అర లీటరు మించనివ్వకండి. ఉగ్గాని తినండి, బజ్జీలు వదిలేయండి. రోజూ 45 నిమిషాలు వడిగా నడవాలి.

ఒక కణం తయారవడానికి 74 రోజుల దాకా పడుతుంది కాబట్టి మూడు నెలల తర్వాతే కౌంట్ మళ్లీ చూపించుకోండి. బరువు తగ్గినా కౌంట్ పెరగనివాళ్లున్నారు, వేరికోసీల్ (వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం) ఉంటే అది వేరే సమస్య. యూరాలజిస్టును ఇప్పుడే కలిసి, ఉదయం 8-10 మధ్య టెస్టోస్టిరాన్, దాంతోపాటు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, షుగర్ చూపించుకోండి. మీ ఆవిడకు 35 దాటి ఉంటే మీ బరువు తగ్గేదాకా ఆగకుండా ఆమె పరీక్షలు కూడా ఈ నెలలోనే మొదలుపెట్టించండి.