అజీర్ణానికీ వేళ్ల వాపుకూ సంబంధం ఉందా? తైలం రాయవచ్చా?

మీ అమ్మగారికి ఉదయం లేవగానే వేళ్లు, మణికట్లు బిగుసుకుపోతున్నాయనీ, కొన్ని నెలలుగా ఆకలి మందగించి తిన్నది కడుపులో బరువుగా ఉండిపోతోందనీ రాశారు. ఈ రెండిటికీ సంబంధం ఉందా, మహానారాయణ తైలంతో మర్దన చేయిస్తే తగ్గుతుందా అని అడిగారు. సంబంధం ఉందనే ఆయుర్వేదం చెబుతుంది. తైలం విషయంలో మాత్రం తొందరపడవద్దని నా మనవి, ఎందుకంటే ఆ తొందరపాటు ఫలితం నేను అనుభవించాను.

నాకు 43వ ఏట కుడిచేతి వేళ్ల మొదళ్లలో వాపు మొదలైంది. తెల్లవారి పాలగిన్నెను పట్టకారుతో దించబోతే పట్టు చిక్కక, ఎడమచేతిని ఆనించి దించవలసి వచ్చేది. గుప్పిట ముడవడానికి గంటన్నర పట్టేది. అంతకు ఏడాది ముందు నుంచే నాలుక మీద తెల్లని పూత, మధ్యాహ్నం తిన్న అన్నం రాత్రి దాకా కదలనట్టుండడం, లేచిన దగ్గర నుంచి బద్ధకం ఉండేవి. వాటికీ వేళ్లకూ ముడి ఉంటుందని నాకు తోచలేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పికి తైలం బాగా పనిచేసింది కాబట్టి, ఆమె ఎంతో ఆపేక్షతో ప్రతి సాయంత్రం నూనె వెచ్చచేసి నా చేతులకు పట్టించేవారు. నాలుగో రోజుకు వాపు రెండు మణికట్లకూ పాకింది, జ్వరం కూడా వచ్చింది.

అప్పుడు మేము హైదరాబాదులో, ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి వైద్యురాలు ముందు నాలుక చూపించమన్నారు, ఆకలి ఎప్పుడు వేస్తుంది, విరేచనం ఎలా అవుతుంది, పెరుగు ఏ పూట తింటారు అని చాలాసేపు అడిగారు, ఆ తర్వాతే నా చేతులు పట్టుకుని చూశారు. ఇది ఆమవాతమని చెప్పారు. జఠరాగ్ని మందగించినప్పుడు సరిగా పచనం కాని ఆహారరసాన్ని ఆమం అంటారు. జిగటగా ఉండే ఆ ఆమం వాతంతో కలిసి కీళ్లలో చేరితే వచ్చేది ఆమవాతం. రోగాల లక్షణాలను వివరించే పాత ఆయుర్వేద గ్రంథం మాధవనిదానంలో దీనికి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఒళ్లు నొప్పులు, అరుచి, దప్పిక, బద్ధకం, ఒళ్లు బరువు, జ్వరం, అజీర్ణం, అవయవాల వాపు దీని లక్షణాలని చెప్పి, తేళ్లు కుట్టినట్టు నొప్పి ఉంటుందని కూడా అందులో రాశారు. ఆ మాట ఎంత నిజమో అనుభవించినవారికి తెలుస్తుంది.

మా అత్తగారిది వేరే జబ్బు. ఆమెది సంధివాతం, అంటే వయసుతో కీలు అరిగిపోవడం. అందులో నడిస్తే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది, ఉదయపు బిగువు సాధారణంగా అరగంటలోపే వదులుతుంది. ఎండిన కీలుకు నూనె మేలు చేస్తుంది. ఆమం నిండి, ఎర్రగా వేడిగా వాచిన కీలుకు అదే నూనె ఆ జిగటను మరింత పెంచుతుందని వైద్యురాలు వివరించారు. ఆమవాతంలో మొదట లంఘనం, స్వేదనం (కాపడం పెట్టి చెమట పట్టించడం), అగ్నిని పెంచే చేదు, కారపు ద్రవ్యాలు, ఆ తర్వాత విరేచనం అన్నది పాత వైద్యులు పెట్టిన వరస. కాపడం కూడా నూనె లేని పొడి కాపడమే.

లంఘనం అంటే కడుపు మాడ్చుకోవడం కాదు. నాకు పది రోజులు పెసరకట్టు, పలుచని జావ, శొంఠి వేసి కాచిన నీళ్లు ఇచ్చారు. మా అమ్మ జల్లించిన ఇసుకను ఇనుప మూకుడులో వేయించి, నూలుగుడ్డలో మూటకట్టి, ముందు తన చేతి మీద వేడి చూసుకుని, నా మణికట్టు మీద అద్ది తీసేది. అన్నంలో మొదటి ముద్దకు నెయ్యి, హింగ్వాష్టక చూర్ణం కలుపుకోమన్నారు. ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము జాతి గింజలు, రెండు రకాల జీలకర్ర, సైంధవలవణం ఉన్న చూర్ణమది. బాలింతకు మొదటి ముద్దలో శొంఠిపొడి పెట్టే మన పెద్దల అలవాటు వెనక ఉన్నదీ ఈ ఆలోచనేననిపిస్తుంది. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున శొంఠి కషాయంలో ఆముదం ఇచ్చారు. గొంతు దిగేదాకా కష్టమే. ఆమవాతమనే ఏనుగుకు ఆముదం సింహమని ఒక శ్లోకం చెప్పి ఆవిడ నా చేత తాగించారు. పెరుగు, మినుములు, బెల్లం, బచ్చలి, చేపలు మానమన్నారు. ఇడ్లీ, దోసె, గారె అన్నీ మినుములే కాబట్టి, మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన పథ్యం ఇదే.

అయితే ఆ వైద్యురాలే నా చేత ఆర్‌.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి., ఇ.ఎస్‌.ఆర్. అనే రక్తపరీక్షలు చేయించి, కీళ్లవాతాల నిపుణులైన రుమటాలజిస్టు దగ్గరకు పంపారు. నాది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు అని తేలింది. అశ్రద్ధ చేస్తే ఆ జబ్బు ఎముకను కొరుకుతుంది, వంకరపోయిన వేలు మందులతో తిన్నగా కాదు. కాబట్టి ఆ దాడిని అణచడానికి వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం నేను ఈ రోజుకీ మానలేదు. రెండు వైద్యాలూ ఒకేసారి నడిచాయి కనుక ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేను. కడుపు బరువు, నాలుక పూత పోయి ఆకలి వేయడం మాత్రం పథ్యం మొదలుపెట్టిన మూడు వారాల్లోనే గమనించాను. ఆయుర్వేద మందుల వివరం రుమటాలజిస్టుకు కూడా చెప్పాను, కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకుంటున్నాను.

మీ అమ్మగారు నొప్పి మాత్రలు వాడుతున్నారేమో తప్పక అడగండి. డైక్లోఫెనాక్ వంటివి ఎక్కువ రోజులు మింగితే కడుపులో మంట, పుండ్లు వస్తాయి, అప్పుడు అజీర్ణానికి కారణం ఆ మాత్రలే కావచ్చు. కడుపులో పుండు, పేగుల్లో అడ్డు ఉన్నవారికీ గర్భిణులకూ ఆముదం ఇవ్వకూడదు, వైద్యుడి సలహా లేకుండా ఎవరికీ ఇంట్లో ఇవ్వవద్దు. పేరు, దినుసులు రాయని పొట్లాల జోలికి అసలు వెళ్లకండి. మా బంధువొకరికి అలాంటి పొడితో రెండు రోజుల్లో నొప్పి మాయమైంది, రెండు నెలల్లో ముఖం ఉబ్బి చక్కెర పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని ఆమెను చూసిన డాక్టరు అన్నారు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది.

ఈ వారంలోనే రక్తపరీక్షలు చేయించండి. ఎర్రగడ్డ దూరమైతే విజయవాడలో, వరంగల్‌లో కూడా ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలల ఆసుపత్రులున్నాయి. తైలం సీసాను అప్పటిదాకా మూత తీయకుండా ఉంచండి. నాకు వాపు పూర్తిగా దిగి, ఆకలి కుదురుకున్నాక, ఆరో నెలలో ఆ వైద్యురాలే అదే తైలం రాసుకోమన్నారు, ఈసారి అది హాయినిచ్చింది.