రెండింట్లో ఒకే బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతోందంటే
మీ ఎం35ఏ2లో (అమెరికన్ ఆర్మీ పాత ట్రక్) రెండు బ్యాటరీలూ కొత్తవే, అయినా ప్రతిసారీ ఒకటే డౌన్ అయిపోతోంది అన్నారు కదా, బ్యాటరీ తప్పు కాదండీ, మీరు పెట్టుకున్న 12 వోల్టుల రేడియోకి కరెంటు ఒక్క బ్యాటరీ నుంచే తీసుకోవడం అసలు సమస్య. ఈ ట్రక్ 24 వోల్టులది, 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఛార్జింగ్ కరెంటు రెండింటికీ ఒకేలా వెళ్తుంది, మీరేమో ఒకదాన్నే వాడేస్తున్నారు, దాంతో అది ఎప్పుడూ సగం ఛార్జ్‌లోనే ఉండిపోతుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అయి అందులో నీళ్ళు తగ్గిపోతాయి. నేనూ మొదట్లో ఇలాగే ఒక జత పోగొట్టుకున్నాను.

ముందు ఒక్క బ్యాటరీ నుంచి రేడియోకి వెళ్ళే ఆ వైరు తీసేయండి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టి దానికి పూర్తి 24 వోల్టులు ఇవ్వండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ తప్పనిసరి. తర్వాత రెండింటినీ విడదీసి 12 వోల్టుల ఛార్జర్‌తో విడివిడిగా ఫుల్ చేయండి, రాత్రంతా వదిలేసి పొద్దున మీటర్ పెడితే ఒక్కోటీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, ఒకటి బాగా తక్కువుంటే జత మొత్తం మార్చాల్సిందే, పాతదీ కొత్తదీ కలపొద్దు.

అన్నట్టు, బ్రేక్ ఫ్లూయిడ్ చూసుకుంటున్నారా? ఈ బండిలో బ్రేకులది సింగిల్ సర్క్యూట్, అంటే అన్ని చక్రాలకీ ఒకటే ఫ్లూయిడ్ లైను, ఒక్కచోట లీకైతే అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి, బండి తీసే ముందు ప్రతిసారీ లెవెల్ చూడండి ప్లీజ్.