ఒక్క నంబరు కోసం అన్నీ చదవాలా?

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ యాప్‌లో వాడుకరి ఎంచుకున్నవారి పేరు, నంబరు తెరపై చూపాలి. కాంటాక్టులన్నీ చదివే అనుమతి అడగాలా?

జవాబు: దయచేసి అడగకండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లెవరూ మీకు సరేననలేదు కదా! ‘యాక్షన్ పిక్’ ఇంటెంట్ (ఒకటి ఎంచుకోనివ్వమని మరో యాప్‌ను కోరే సందేశం) పంపితే ఫోనులోని కాంటాక్టుల యాప్ తెరుచుకుంటుంది. వాడుకరి తాకిన ఒక్క వివరం చదవడానికి మాత్రమే మీకు తాత్కాలికంగా వీలు దొరుకుతుంది.

ఒక మెలిక ఉంది. ఇంటెంట్‌లో ఏ రకం వివరం కావాలో చెప్పేచోట వ్యక్తి రకం కాకుండా ఫోన్ నంబరు రకాన్నే ఇవ్వండి. నేను మొదట వ్యక్తి రకమే ఇచ్చాను. పేరు చక్కగా వచ్చేది, నంబరు అడగగానే అనుమతి లేదంటూ యాప్ మూతపడేది. నంబరు రకం ఇస్తే, ఒకరికి మూడు నంబర్లున్నా ఏది కావాలో వాడుకరే తేలుస్తారు.

ఎవరినీ ఎంచుకోకుండా వెనక్కి వచ్చేవారూ ఉంటారు. అప్పుడు పాత పేరును చెరపకండి.

ఐఫోన్‌లోనూ ఇలాంటి సదుపాయమే ఉంది.