అప్పు చేసి పాత టోకెన్లు కొనాలా?

ప్రశ్న: న్యూజెర్సీలో హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. భార్య, ఇద్దరు పిల్లలు. నా ఒక్కడి జీతమే. నెల ఖర్చు 5 వేల డాలర్లు, బ్యాంకులో 6 వేలు ఉన్నాయి. అమెరికా తొలినాళ్లలో వ్యాపారులు చిల్లర కోసం సొంతంగా వేయించిన టోకెన్లు సేకరిస్తుంటాను. టాల్బట్, ఆలమ్ అండ్ లీ సెంట్లున్న మంచి కలెక్షన్ వేలానికి వస్తోంది. 14 శాతం వడ్డీకి 15 వేల డాలర్ల పర్సనల్ లోన్ తీసుకుని కొనొచ్చా?

జవాబు: వద్దండి. బంగారమో, ప్లాటో, పాత నాణేలో, సరుకేదైనా మీలాంటి వాళ్లు చేసే తప్పు ఒకటే. చేతిలో నెలన్నర ఖర్చు కూడా ఉండదు, అప్పు తెచ్చి దానికి పెట్టుబడి అని పేరు పెడతారు.

మీ సరదాను తప్పుపట్టను. ఇండియాతో వ్యాపారం చేసిన టాల్బట్, ఆలమ్ అండ్ లీ అనే న్యూయార్క్ సంస్థ 1794, 1795లలో వేయించిన ఓడ బొమ్మ సెంట్లంటే నాకూ ఇష్టమే. అయితే అవి ఎప్పుడూ అపురూపం కాదు. టంకశాలకు రాగి కరవైనప్పుడు వాటినే కొని, కత్తిరించి, అర సెంట్లు ముద్రించుకున్నారు. అంతర్యుద్ధ కాలంలో లిండెన్‌ముల్లర్ అనే న్యూయార్క్ బీరు వ్యాపారి పది లక్షలకు పైగా టోకెన్లు వదిలాడు. ప్రయాణికులిచ్చినవి ట్రామ్ కంపెనీ దగ్గర గుట్టలుగా పోగుపడ్డాయి. వాటిని డబ్బుగా మార్చమని కంపెనీ అడిగితే లిండెన్‌ముల్లర్ కుదరదు పొమ్మన్నాడు. అవసరానికి డబ్బుగా మారని సొత్తుతో వచ్చే తంటా ఇదే.

లెక్క చూడండి. వేలం సంస్థ కమీషన్ 20 శాతం అనుకుంటే, మీ 15 వేలల్లో వస్తువు ధర 12,500 మాత్రమే. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 2 వేలు. అమ్మేటప్పుడు మళ్లీ కమీషన్. ఒకవేళ లాభమొచ్చినా ఇలాంటి సేకరణలపై దీర్ఘకాల లాభం మీద పన్ను 28 శాతం దాకా ఉంటుంది.

ఉద్యోగం పోతే మీకు సాధారణంగా దొరికేది 60 రోజుల గడువు. అందులో కొత్త కంపెనీ వెతుక్కోవాలి, లేదా టికెట్లు కొని, ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లాలి. మీ దగ్గరున్న 6 వేలు దేనికి చాలతాయి? ఆ టెన్షన్‌లో టోకెన్లు అమ్మకానికి పెడితే వచ్చినకాడికి ఇచ్చేయాల్సిందే. కనీసం 30 వేలు, అంటే ఆరు నెలల ఖర్చు, విడిగా పొదుపు ఖాతాలో చేరేదాకా వేలం కేటలాగులు తెరవకండి. ఆఫీసు ఇచ్చే జీవిత బీమా మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. 401కే అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో కంపెనీ వేసే వాటా వదులుకోవద్దు. ఫండ్ల సంగతి తర్వాత.

ఆ 30 వేల నిధి పూర్తయ్యాక నెలకు వంద డాలర్లు టోకెన్లకు పెట్టుకోండి, నగదుతోనే. లోన్‌కు దరఖాస్తు చేసి ఉంటే మాత్రం ఈరోజే రద్దు చేయించండి.