బ్రూనోకి పాలసీ తీసుకోవాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఆయన మూడెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తున్నారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా లాబ్రడార్ బ్రూనోకి పద్నాలుగు నెలలు. రాత్రిళ్లు మా ఆయనతో పాటు చెరువు గట్టు మీదే ఉంటుంది. తెలిసిన ఏజెంటు ఒకాయన యాభై వేల కవరేజీకి ఏడాదికి 4,200 ప్రీమియం, జీఎస్టీతో కలిపి 4,956 కట్టమంటున్నారు. మా అత్తగారేమో కుక్కకి ఇన్సూరెన్సేంటి, నలుగురూ నవ్విపోతారు అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: అత్తగారితో మొదలుపెడదాం, ఎందుకంటే ఆవిడ మాటని కొట్టిపారేయడానికి లేదు. ఆవిడకి తెలిసిన పశువుల బీమా అంటే గేదె బీమా. చెవికి ట్యాగ్ వేస్తారు, ఫొటో తీస్తారు, గేదె పోతే డాక్టరుగారు పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇస్తారు, అప్పుడు డబ్బొస్తుంది. గేదె పోతే పాలూ పోతాయి, గేదె కొన్న అప్పు మాత్రం మిగులుతుంది, కాబట్టి ఆ బీమాకి అర్థం ఉంది. పాలివ్వని కుక్కకి ఎందుకన్నది ఆవిడ లెక్క. (పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే మనం వరదల సీజన్లో ఒక్క చేపకి వేలు పోసినా ఎవరూ నవ్వరు, అది వేరే సంగతి.)

ఆవిడ అనకుండానే ఇందులో మనకి పనికొచ్చే ప్రశ్న ఒకటి ఉంది. మీ ఏజెంటు చెబుతున్న యాభై వేలు కుక్క చనిపోతే ఇచ్చేదా, జబ్బు చేస్తే ఇచ్చేదా? ప్రభుత్వ రంగ కంపెనీల పాత డాగ్ పాలసీలు గేదె పాలసీ అచ్చులోనే ఉండేవి, ముఖ్యంగా చావుకి డబ్బిచ్చేవి. ఆసుపత్రి ఖర్చులిచ్చే రకం మన దేశంలో ఈ మధ్యే ఊపందుకుంది, బజాజ్ అలయన్జ్ తన డాగ్ పాలసీని తెచ్చింది 2020లో. ఇప్పటికీ చాలా పాలసీల్లో ఈ రెండూ వేర్వేరు సెక్షన్లుగా ఉంటాయి, దేనికెంత అన్నది కూడా వేరే. బ్రూనో పోతే చేతికొచ్చే డబ్బుతో మీరు చేసేదేమీ లేదు, ఇంకో కుక్కపిల్లని కొనడం తప్ప. మీకు కావాల్సింది బతికించుకోవడానికయ్యే ఖర్చు. కాబట్టి వైద్యం సెక్షన్‌లో ఎంత రాశారో చూడండి, అందులో ఒక్కో జబ్బుకి లోపలి పరిమితులున్నాయేమో కూడా చూడండి, పైన పెద్దక్షరాల్లో వేసిన యాభై వేలని నమ్ముకోకండి.

నా అభిప్రాయం దాచుకోను. మీ పరిస్థితికి ఈ పాలసీ ఇప్పుడు వద్దు.

మొదటి కారణం, ఈ పాలసీల్లో ఎక్కువ భాగం ముందు మనం కట్టి, బిల్లులు పంపి, తర్వాత డబ్బు తెచ్చుకునే పద్ధతిలో నడుస్తాయి. మనుషుల ఆసుపత్రిలో కార్డు చూపించి చేరిపోయినట్టు మన పశువుల డాక్టరుగారి దగ్గర కుదరదు. అంటే రాత్రి పదింటికి కుక్క వాంతులు చేసుకుంటుంటే పాలసీ ఉన్నా లేకపోయినా చేతిలో పదివేలు ఉండాల్సిందే. ఆ పదివేలు ఎలాగూ దాచుకోవాలి కాబట్టి, అసలు దాచుకోవడమే ఎందుకు సరిపోదన్నది నా ప్రశ్న.

నేనూ ఒకసారి కట్టి చూశాను. మా ఇంటి కుక్కకి గోమార్ల జ్వరం వచ్చింది, రక్త పరీక్షలు, సెలైన్లు, నాలుగు వారాల మాత్రలు అన్నీ కలిపి 6,300 అయింది. డాక్టరుగారు మంచాయన, వైద్యం బాగా చేశారు గానీ చీటీ మీద 'కుక్క, మగ, 3 ఏళ్లు' అని రాసి ఊరుకున్నారు. కంపెనీ వాళ్లు మైక్రోచిప్ (గుర్తు కోసం కుక్క చర్మం కింద పెట్టేది) నంబరు ప్రతి బిల్లు మీదా ఉండాలన్నారు, డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు కావాలన్నారు, టీకాల కార్డులో ఒక తేదీ చెరిగిపోయిందన్నారు. నేను రోజూ ఇలాంటి కాగితాలతోనే బతికేవాణ్ణి, నాకే రెండు నెలలు పట్టింది. చివరికి వచ్చింది 3,100.

ఇక లెక్క. మీ పాలసీలో ఇరవై శాతం మీరే భరించే షరతు ఉందనుకుందాం, మామూలుగా కనిపించేదే. ఇరవై వేల బిల్లయితే మీకు వచ్చేది పదహారు వేలు. ఏడాదికి 4,956 చొప్పున మూడేళ్లలో మీరు కట్టేది 14,868. అంటే ప్రతి మూడేళ్లకీ ఇరవై వేల బిల్లు ఒకటి పడితేనే, అది కూడా పాలసీ ఒప్పుకునే జబ్బుకి పడితేనే, మీకు ఇంచుమించు సరిపోతుంది. బిల్లు పడకపోతే ఆ డబ్బు వెనక్కి రాదు, బ్యాంకులో వేసుకుంటే ఉంటుంది.

పాలసీ ఒప్పుకునే జబ్బేమిటి అన్న దగ్గరే మన డెల్టాలో అసలు తిరకాసు. ఇక్కడ కుక్కలకి ఎక్కువగా వచ్చేవి చూడండి. గోమార్లు, వాటి వల్ల వచ్చే జ్వరాలు, మన తేమకి ఏడాది పొడుగునా ఉంటాయి. దోమల వల్ల వచ్చే హార్ట్‌వార్మ్, అంటే గుండెలో చేరే పురుగులు. కాలువ నీళ్లు, ఎలుకలు ఉన్నచోట లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం), అది మనుషులకీ అంటుకుంటుంది. కుక్కపిల్లల్లో పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు. వీటిలో టీకాతో ఆపగలిగిన వాటికి టీకా వేయించకపోతే క్లెయిమ్ ఇవ్వరు, కొన్ని పాలసీల్లో వేయించినా ఇవ్వరు. గోమార్లు, నులిపురుగుల ఖర్చు సాధారణంగా ఇవ్వరు. లాబ్రడార్లకి పెద్దయ్యాక తుంటి కీలు అరిగే సమస్య వస్తుంది చూడండి, దాన్ని వంశపారంపర్యం కింద పక్కన పెట్టే పాలసీలు ఉన్నాయి. మరి ఇన్ని పోగా మిగిలేదేంటి? ప్రమాదాలు, ఆపరేషన్లు, కొన్ని రకాల పెద్ద జబ్బులు. వాటికి మంచి ఆసుపత్రి మీకు ఎంత దూరంలో ఉంది? మామూలు వైద్యానికి భీమవరం, తణుకు, రాజమండ్రి సరిపోతాయి, పెద్ద కేసయితే గన్నవరం వెటర్నరీ కాలేజీ దాకా వెళ్లాలి. అది ప్రభుత్వ కాలేజీ, అక్కడ ఖర్చు ప్రైవేటు ఆసుపత్రుల స్థాయిలో ఉండదు. మీ దగ్గర యాభై వేల బిల్లు వేసే ఆసుపత్రే లేనప్పుడు యాభై వేల కవరేజీతో పనేంటి? హైదరాబాదులో ఉన్న మీ చెల్లెలో తమ్ముడో ఇదే ప్రశ్న అడిగితే నేను బహుశా కట్టమనే చెబుతాను, అక్కడ స్కానింగు, ఆపరేషను, మూడు రోజుల బెడ్డు అంటూ ఆ డబ్బు కళ్ల ముందే కరిగిపోతుంది.

మీకున్న అసలు ప్రమాదం మాత్రం పాము. రాత్రిపూట చెరువు గట్టు, మేత బస్తాలు, ఎలుకలు, వాటి కోసం తాచులు, రక్తపింజరులు. లాబ్రడార్ ముక్కు పెట్టి వాసన చూడందే ఊరుకోదు. ఈ ఒక్కదానికి పాలసీ పనికొస్తుంది, ప్రమాదాల కింద పాముకాటు రాసి ఉంటే. అయితే ప్రపోజల్ ఫారంలో 'ఇంట్లో పెంపుడు కుక్క' అని ఏజెంటు టిక్ పెట్టేసి, కాటు పడింది రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద అని మీరు క్లెయిమ్‌లో రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఎవరు ఎంత చెప్పినా పాలసీ తీసుకోవాలనే అనుకుంటే మాత్రం, కుక్క రాత్రిళ్లు చెరువు దగ్గర ఉంటుందని ఫారంలో మీ చేత్తో రాయండి.

డబ్బు దాచే పద్ధతి కూడా మీకు అందరిలా పనికిరాదు. నెలకి ఐదొందలు రికరింగ్ డిపాజిట్ అని నేను మామూలుగా ఉద్యోగస్తులకి చెబుతాను. మీ ఇంట్లో పెద్ద డబ్బు పట్టుబడి అప్పుడే వస్తుంది, మధ్యలో అంతా మేత అప్పు, కరెంటు బిల్లు. కాబట్టి ఈసారి రొయ్య పట్టినప్పుడు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) బాగా వచ్చినా రాకపోయినా, పదిహేను వేలు తీసి మీ పేరు మీద (మీ ఆయన పేరు మీద కాదు, అది మేతలోకి వెళ్లిపోతుంది) వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. పదివేలు ఫిక్సెడ్ డిపాజిట్, ఐదువేలు చేతికందేలా. తర్వాత ప్రతి పట్టుబడికీ ఐదు వేలు. రెండేళ్లు ఏమీ కాకుండా గడిస్తే అందులో ముప్పై వేల దాకా ఉంటుంది, అప్పుడు బ్రూనో బరువు తగ్గించడం తప్ప మీకు వేరే టెన్షన్ ఉండదు. పెరుగన్నం తగ్గించండి, నిజంగా.

టీకాలు మానొద్దు, అవి ఏ పాలసీ కన్నా చవక. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బుల) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా వేస్తారు, ఆ రోజు తీసుకెళ్లండి, కార్డు మీద తేదీ, ముద్ర సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ అడగకుండా వదలను. ఉత్తరంలో బ్రూనో వయసు రాశారు, ప్రీమియం రూపాయితో సహా రాశారు, మీ ఇద్దరికీ హెల్త్ పాలసీ ఉందో లేదో మాత్రం రాయలేదు. చెరువు మీద అప్పు ఉన్న మనిషికి టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకి డబ్బిచ్చే జీవిత బీమా, ఉందా? మనుషుల వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, కుక్క పాలసీకి మీ ఏజెంటు వేసింది పద్దెనిమిది శాతం. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా మినహాయింపు మనుషుల పాలసీకే, బ్రూనో దానికి రాడు. ఆ 4,956 రూపాయలకి మీ ఇంట్లో ముందు వరుసలో ఎవరున్నారో మీకే తెలుసు.

కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే గొడవకి థర్డ్ పార్టీ కవర్ ఉంటుందని ఏజెంటు చెప్పే ఉంటారు. అది పనికిరానిది కాదు. జంతువుల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా పడొచ్చు, ఆ శిక్షని మాత్రం ఏ పాలసీ కట్టదు. మీ వీధిలో స్కూలు పిల్లలు తిరిగే టైముకి గొలుసు వేసి ఉంచితే ఆ కవర్ అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే. మీ పశువుల డాక్టరుగారిని కలిసి, పాముకాటు ఇంజక్షన్ ఆయన దగ్గర ఉంటుందా, రాత్రిపూట ఎవరు దొరుకుతారు అని అడగండి. మన దగ్గర వాడే పాలీవేలెంట్ మందు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే, కుక్కకైనా మనిషికైనా. ఆయన ఫోన్ నంబరుతో పాటు పశువుల అంబులెన్సు 1962 కూడా మోటారు షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టమని మీ ఆయనకి చెప్పండి.