చుట్టుదారిలో వెళ్లిన విమానం ముందే ఎలా చేరింది?

ప్రశ్న: మా అబ్బాయి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే ఢిల్లీ నుంచి అక్కడికి సుమారు 12,400 కిలోమీటర్లే వచ్చింది. 2016లో ఎయిర్ ఇండియా విమానం పసిఫిక్ మీదుగా దాదాపు 15,300 కిలోమీటర్లు తిరిగి వెళ్లి కూడా పాత దారికన్నా సుమారు రెండు గంటలు ముందే చేరిందని చదివాను. ఇదెలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ కొలత సరైనదే. ఆ దారం ఢిల్లీ నుంచి ఇంచుమించు ఉత్తరానికి సాగి, టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, అలాస్కాల మీదుగా దిగుతుంది. అయితే ఆ దారిలో మొదటి చిక్కు టిబెట్ పీఠభూమి. దాని సగటు ఎత్తు 4,500 మీటర్లకు పైమాటే. విమానంలో గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే, ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు కొద్ది నిమిషాలే పనిచేస్తాయి కాబట్టి, పైలట్ వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. నేలే అంతకన్నా ఎత్తున ఉన్నచోట ఎక్కడికని దిగుతారు? అందుకే విమానాలు వీలైనంతవరకు ఆ ప్రాంతాన్ని తప్పించి వెళతాయి.

ఇక అసలు సంగతి గాలిది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులను జెట్ స్ట్రీమ్ అంటారు. జపాన్ పరిసరాల్లో, ముఖ్యంగా చలికాలంలో, వీటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. (1920లలోనే ఓయిషి వాసబురో అనే జపాన్ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి వీటిని గుర్తించాడు, కానీ ఆ నివేదికను ఎస్పెరాంటో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రచురించడంతో, పాపం, పట్టించుకున్నవాళ్లు తక్కువ.)

మీరు చదివిన ప్రయాణానికి పట్టింది సుమారు పద్నాలుగున్నర గంటలు. భాగించి చూస్తే నేలతో పోల్చి కొలిచే సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్ల పైన తేలుతుంది. అంతకుముందు అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళ్లే దారి 13,900 కిలోమీటర్లే అయినా, ఎదురుగాలి వల్ల ఆ సగటు 850 లోపే ఉండేది. ఇంజిన్ల సత్తా రెండు దారుల్లోనూ ఒకటే. మారింది విమానం వెళ్లే దిక్కు మాత్రమే: పడమరకు వెళితే ఎదురుగాలి, తూర్పుకు వెళితే అదే గాలి వెనక నుంచి తోస్తుంది. కాబట్టి విమాన సంస్థలు దారిని ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లకన్నా గంటలకూ ఇంధనానికీ ఎక్కువ విలువ ఇస్తాయి. అబ్బాయి టికెట్‌లోని వేళలను నేరుగా తీసివేస్తే మాత్రం లెక్క తప్పుతుంది: వేసవిలో ఆ ఊరు మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో ఎక్కినవారు అదే తేదీన ఉదయం ఆరింటికి అక్కడ దిగుతారు.

ప్రశ్న: హైదరాబాద్–ఢిల్లీ గగన దూరం 1,260 కిలోమీటర్లే. గంటన్నరలో చేరవలసిన విమానానికి టికెట్‌పై రెండుంపావు గంటలు ఎందుకు వేస్తారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: టికెట్‌లో ఉండేది గాలిలో ఎగిరే సమయం కాదు, గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేవరకు పట్టే మొత్తం సమయం. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం, ఢిల్లీ వంటి రద్దీ చోట వంతు కోసం చక్కర్లు కొట్టడం అందులోనే కలుస్తాయి. సంస్థలు దానిపై మరికొన్ని నిమిషాలు ముందుజాగ్రత్తగా కలుపుతాయి. ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా ఒక్కోసారి వేళకే దిగడానికి కారణం అదే.