అంతరిక్ష నౌక సెట్ కట్టబోతున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీ కాలేజీ స్నేహితులంతా కలిసి అంతరిక్ష నౌక కథతో సీరియల్ తీస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. బాగుంది. కానీ కంట్రోల్ రూమ్‌లో పద్దెనిమిది తెరలు గీశావు. అన్నీ పనిచెయ్యాలి, ఒక్కోదానికి ఒక్కో కంప్యూటర్ కావాలి, పాతవి చవగ్గా ఎక్కడ దొరుకుతాయని అడిగావు. దొరకడం సంగతి తర్వాత. ముందు ఆ పద్దెనిమిదిలో పదిహేను కొట్టెయ్యి. నిజంగా పనిచేసే తెరలు మూడు చాలు.

పగలు టీవీల వెనక మూత విప్పి, రాత్రిళ్ళు మన ఊరి నాటకాలకి లైట్లు కట్టి బతికినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. చూసేవాడికి తెర ముందుభాగమే కావాలి. నీకు మాత్రం షూటింగ్ అయ్యేదాకా దాని వెనకభాగంతోనే కాపురం. అందుకే వెనక ఏముండాలో తేల్చుకున్నాకే ముందు ఎలా కనిపించాలో గియ్యి.

పెద్దవాళ్ళు ఏం చేశారో చూడు. 1960లలో అమెరికా టీవీలో వచ్చిన 'లాస్ట్ ఇన్ స్పేస్', 'ది టైమ్ టనల్' సెట్లలో గోడ నిండా మిణుకుమిణుకుమనే దీపాల పలకలు కనిపిస్తాయి. అవి అట్టముక్కలు కావు. అమెరికా వాయుసేన గగనతల రక్షణ కోసం ఐబీఎం కట్టిన ఏఎన్/ఎఫ్‌ఎస్‌క్యూ-7 అనే మహా కంప్యూటర్ పలకలు. ఆ యంత్రం ఒక్కోటి సుమారు 250 టన్నుల బరువు, లోపల వేలకు వేలు వాక్యూమ్ ట్యూబులు. పాతబడ్డాక తీసేసిన ముక్కల్ని సెట్ల వాళ్ళు కొనుక్కున్నారు. తర్వాత దశాబ్దాల పాటు అవే పలకలు ఒక సినిమా నుంచి ఇంకో సీరియల్‌కి తిరుగుతూనే ఉన్నాయి. 1966 'బ్యాట్‌మన్' సీరియల్‌లో గుహలో ఉండే కంప్యూటర్ కూడా అలాంటిదే, బరోస్ 205 అనే అసలు సిసలు యంత్రం. అవన్నీ ఒకప్పుడు నిజంగా లెక్కలు కట్టినవే. సెట్ మీదికి వచ్చాక మాత్రం దీపాలు వెలిగించడమే వాటి ఉద్యోగం.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ ఇంకోటుంది. 1981లో బీబీసీ 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' అనే హాస్య సీరియల్ ప్రసారం చేసింది. అందులో ఒక ఎలక్ట్రానిక్ పుస్తకం తెర మీద అక్షరాలు, గీతల బొమ్మలు గబగబా వచ్చేస్తుంటాయి. చూసినవాళ్ళు ఎంత గొప్ప కంప్యూటర్ గ్రాఫిక్సో అనుకున్నారు. నిజానికి అక్కడ కంప్యూటర్ అన్నదే లేదు. అదంతా ఫిల్ము మీద చేత్తో గీసి, వెనక నుంచి వెలుతురు వేసి, ఒక్కో ఫ్రేమూ తీసిన యానిమేషన్. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిసీ' సినిమాలో నౌక లోపల తెరలు కూడా అంతే. వెనక ప్రొజెక్టర్లు పెట్టి, ముందే తీసి ఉంచిన ఫిల్ము ఆడించారు.

ఒక చోట అసలు కంప్యూటర్ ఉండి లెక్క కట్టలేదు, ఇంకో చోట కంప్యూటరే లేకుండా లెక్క కట్టినట్టు కనిపించింది. నువ్వు రెండో దారిలో వెళ్ళు. మీ బడ్జెట్‌కి అదే సరిపోతుంది.

ఇప్పుడు ఆ పదిహేను ఖాళీల్లో ఏం పెట్టాలి? 1987లో మొదలైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సెట్ కోసం మైకేల్ ఒకుడా అనే ఆయన చేసిన పనే నీకు పాఠం. బటన్లు, మీటర్లు, స్విచ్చులు విడివిడిగా బిగించాలంటే డబ్బూ టైమూ రెండూ చాలవు. అందుకని ఆయన నల్లటి పలక మీద రంగురంగుల గడులు, అంకెలు ఉండేలా డిజైన్ చేసి, ఫిల్ము మీద అచ్చువేయించి, ఆక్రిలిక్ షీటు వెనక పెట్టి, దాని వెనక లైట్లు వెలిగించాడు. ఎక్కడో కదిలే బొమ్మ తప్పదనుకున్న చోట మాత్రమే నిజమైన మానిటర్. నటులు నున్నటి పలక మీద వేళ్ళు ఆడిస్తుంటే జనం అదే రాబోయే కాలపు టచ్ స్క్రీన్ అని నమ్మారు.

ఈ పనికి కంప్యూటర్ షాపుకి వెళ్ళకు. షాపులకి గ్లో సైన్ బోర్డులు చేసేవాడి దగ్గరికి వెళ్ళు. పాల రంగు ఆక్రిలిక్ 3 ఎంఎం షీటు, బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ ప్రింటు అంటే అతనికి వివరించక్కర్లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. షాపు బోర్డుకి ప్రింటు ఒక పొర చాలు, నీకు నలుపు నల్లగానే ఉండాలి. ఒక పొర ప్రింటులో వెనక లైటు వెయ్యగానే నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, కెమెరాలో ఇంకా పాలిపోతుంది. ఒకే ప్రింటు రెండు వేయించి ఒకదాని మీద ఒకటి పెట్టండి, లేదా వెలగక్కర్లేని చోటల్లా వెనక నల్ల కాగితం అంటించండి. ఎల్‌ఈడీ స్ట్రిప్పు షీటుకి ఆనించకండి, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నాలుగు అంగుళాల దూరం ఉంచి, పెట్టె లోపల తెల్ల పెయింట్ వేస్తే వెలుతురు సమంగా పరుచుకుంటుంది. అంచులు గరుకుగా వస్తే షీటు నాకు పంపించు. ఇక్కడ పశువుల కొమ్ములతో వస్తువులు చేసే పనివాళ్ళ బఫింగ్ చక్రం మీద అద్దంలా తేల్చి ఇస్తారు.

స్ట్రిప్పులకి అడాప్టర్ లెక్క తప్పకు. 5050 రకం, మీటరుకి 60 దీపాలున్న 5 మీటర్ల రోల్ 72 వాట్ల దాకా లాగుతుంది. 12 వోల్టుల దగ్గర అది 6 ఆంపియర్లు. షాపువాడు 5 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చి "సరిపోద్దిలే" అంటాడు. సరిపోదు, అరగంటలో చెయ్యి పెట్టలేవు. 8 ఆంపియర్లది అడుగు. వెలుతురు తగ్గించడానికి ఆ చవక డిమ్మర్లు వాడొద్దు. అవి దీపాన్ని నిజంగా తగ్గించవు, సెకనుకి వందలసార్లు ఆపి వెలిగిస్తాయి. కంటికి తెలియదు గానీ కెమెరాలో అడ్డచారలు పడతాయి. వెలుతురు ఎక్కువైతే షీటు వెనక ట్రేసింగ్ పేపరు ఒక పొర అతికించు.

చారల మాట వచ్చింది కాబట్టి ఇది నిదానంగా చదువు. మీ ఫుటేజీ పాడైతే ఇక్కడే పాడవుతుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మని ఒక్కసారిగా చూపించదు, పై నుంచి కిందికి గీత గీతగా గీస్తుంది. అమెరికాలో టీవీ సెకనుకి దాదాపు 30 బొమ్మలు గీసేది, సినిమా కెమెరా 24 తీసేది. ఆ రెంటికీ పొత్తు కుదరక తెర మీద నల్ల పట్టీ దొర్లుతూ ఉండేది. అందుకని వాళ్ళు టీవీని, దానికి బొమ్మ పంపే యంత్రాన్ని 24కి మార్పించుకుని, కెమెరాతో జత చేసి ఆడించేవాళ్ళు. దానికోసం ప్రత్యేకంగా మనుషులుండేవారు. మన దగ్గర టీవీ 25 బొమ్మలది, కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి ఏ కెమెరాతో తీసినా, ఫోన్ అయినా సరే, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో 1/50 దగ్గర కట్టెయ్యండి. ఆటోలో వదలొద్దు. ఫోన్‌లో ఇవి మార్చనిచ్చే యాప్‌లున్నాయని మీ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీ బల్బుల మిణుకు కూడా ఈ షట్టర్‌తో చాలావరకు అణిగిపోతుంది.

ఎల్‌సీడీ మానిటర్లతో ఈ గొడవ తక్కువ. కానీ వాటిలో కూడా బ్రైట్‌నెస్ తగ్గిస్తే మిణుకేవి ఉన్నాయి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి, బొమ్మనే ముదురుగా తయారుచెయ్యండి, నల్ల నేపథ్యం మీద సన్న గీతలు, తక్కువ తెలుపు. సెట్‌లో పసుపు లైట్లు వాడుతుంటే తెర నీలంగా కొడుతుంది. మానిటర్ మెనూలో రంగుని 'వార్మ్' వైపు జరపండి. కెమెరా తెరకి మరీ దగ్గరగా, ఎదురుగా ఉంటే పట్టుచీర మెరుపులాంటి అలలు కనిపిస్తాయి. కొంచెం పక్కకి తిప్పినా, ఫోకస్ తెర మీద కాక నటుడి ముఖం మీద పెట్టినా పోతాయి.

ఇక ఆ మూడు తెరల వెనక ఏముండాలి? మూడు పాత లాప్‌టాప్‌లు. అంతే. బొమ్మలన్నీ ముందే వీడియోలుగా చేసి పెట్టుకోండి. అప్పటికప్పుడు ప్రోగ్రామ్ నడిపించే సాహసం వద్దు. 1983 నాటి 'వార్ గేమ్స్' సినిమాలో రక్షణ కేంద్రం గోడ మీద కనిపించే పెద్ద పెద్ద పటాలు కూడా హెచ్‌పీ 9845సీ కంప్యూటర్ మీద ముందుగా తయారుచేసి, ఫిల్ముకెక్కించి, వెనక నుంచి ప్రొజెక్ట్ చేసినవే. అంత డబ్బున్నవాళ్ళే ముందు తీసి పెట్టుకున్నారు.

నటుడు టైపు చేసే సీను ఒక్కటి ఇందుకు మినహాయింపు. దానికి మీలో ప్రోగ్రామింగ్ వచ్చినవాడు చిన్న పేజీ ఒకటి రాసిపెట్టాలి. ఏ కీ నొక్కినా, ముందే రాసి ఉంచిన వాక్యంలో తర్వాతి అక్షరమే రావాలి. పాపం, డైలాగు చెప్తూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ సరిగ్గా టైపు చెయ్యమని నటుడిని అడగడం అన్యాయం. తెలుగు వాక్యమైతే ఒత్తులు, గుణింతాలు విడిగా రాకుండా, అక్షరం మొత్తం ఒక్కసారే పడేలా చూడండి. లేకపోతే క్లోజప్‌లో 'స్త్రీ' ముక్కలు ముక్కలుగా పుడుతుంది.

లాప్‌టాప్‌ల దగ్గర ఒక మనిషి కూర్చోవాలి, నటన మీద సరదా లేనివాడై ఉండాలి. నాటకంలో సైడ్ వింగ్‌లో ప్రాంప్టర్ ఉంటాడు చూడు, అలాంటివాడు. చేతిలో స్క్రిప్టు, ఏ మాటకి ఏ వీడియో మారాలో పెన్సిల్‌తో గీత. నటుడి వేలు పలక మీద పడగానే తెర మారాలంటే, వేలు చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది. దాని ముందు మాట వినగానే వేలు కీ మీద పెట్టుకుని ఉండాలి. రిహార్సల్ నటులకి ఎంత చేయిస్తావో ఇతనికీ అంతే చేయించు. షాట్ ముందు వైఫై, అప్‌డేట్లు, స్క్రీన్‌సేవర్ ఆపించు. మౌస్ బాణం తెర మూలకి తోసెయ్యాలి. అంతరిక్ష నౌక తెర మీద 'మీ బ్యాటరీ తక్కువగా ఉంది' అని వచ్చిందనుకో, ఆ క్లిప్పే వైరల్ అవుతుంది, మీ సీరియల్ కాదు.

పలకల మీద ఏం రాయాలని అడిగావు. ఒకుడా తన పలకల నిండా యూనిట్ వాళ్ళ పేర్లు, వాళ్ళకే అర్థమయ్యే జోకులు చిన్న అక్షరాల్లో దూర్చేవాడు, అప్పటి టీవీలో ఎవరికీ కనపడవు కదా అని. ఇప్పుడు ఫోన్‌లో ఆపి, పెద్దది చేసి చదివేస్తారు, జాగ్రత్త. మీ నౌకలో తెలుగు, ఒడియా రెండూ ఉంటే చక్కగా ఉంటుంది, మన బస్టాండుల్లో మనుషులు మాట్లాడుకునేది అలాగే కదా. ఒడియా వరకు మీ ఒడియా స్నేహితుల చేత తప్పులు దిద్దించు. ఇంకో మాట. నీ బొమ్మలో గ్రహాంతరవాసుల రాత అని ఒక మూల పెట్టిన అక్షరాలు సొరాంగ్ సొంపెంగ్ లిపివి. నెట్‌లో వింతగా కనిపించి తీసుకుని ఉంటావు. అది సవర భాష కోసం 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన లిపి, మీ గుణుపురం చుట్టుపక్కలదే. మీ క్లాసులోనే సవర పిల్లలుంటారు. వాళ్ళ అక్షరాలు వేరే గ్రహానివని చూపిస్తే వాళ్ళకెలా ఉంటుంది? తీసెయ్యి. గ్రహాంతర లిపి కావాలంటే మీరే గీసుకోండి. లేదూ, నౌకలో ఒక సవర ఇంజనీరు పాత్ర పెట్టి ఆమె పలక మీద ఆ లిపి అర్థవంతంగా రాయించండి, అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

పాత సామాను కొట్టులో పిక్చర్ ట్యూబ్ టీవీలు కిలో లెక్కన ఇస్తున్నారని సంబరపడ్డావట. వెనక మూత విప్పొద్దు. కలర్ ట్యూబ్ లోపల 25,000 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా ట్యూబులో మిగిలి ఉంటుంది. దులిపి, తుడిచి, వాడుకుంటే వాడుకోండి. లోపల సామాను తీసేసి ఖాళీ డబ్బా కావాలంటే నా దగ్గరికి పంపండి, డిశ్చార్జ్ చేసి ఇస్తాను. కొట్టులో తీసుకోదగినవి వేరే ఉన్నాయి: చచ్చిపోయిన కీబోర్డులు, సర్వర్ రాక్ ఫ్రేములు, రిబ్బన్ కేబుళ్ళు, రాగి తీసేసిన హీట్‌సింకులు. కంట్రోల్ రూమ్‌లో ఒక పలక ఊడదీసి రిపేరు చేసే సీను రాసుకో. అప్పుడు ఆ చెత్త అంతా కెమెరా ముందుకొస్తుంది. అసలు కంప్యూటర్ ముక్కలకి అంతకంటే మంచి పాత్ర దొరకదు.

షూటింగ్ రోజు అన్నీ ఒకే ప్లగ్ బోర్డుకి తగిలించకండి. లైట్లకి ఒక లైను, తెరలకి ఇంకో లైను. ఇన్వర్టర్ మీద తీస్తే ముందురోజే ఒక నిమిషం తీసి పెద్ద తెర మీద చూసుకోండి, చవక రకం ఇన్వర్టర్‌తో కొన్ని ఎల్‌ఈడీ లైట్లు మిణుకుతాయి, మైకులో గుయ్యిమని రొద కూడా వస్తుంది. పెట్టెల వెనక గాలి ఆడడానికి కంతలు పెట్టండి. ప్రతి బ్రేకులో ఎవరో ఒకరు అడాప్టర్ల మీద చెయ్యేసి చూడాలి, ఆ పని పేరు పెట్టి ఒకరికి అప్పగించు.

నాటకాలప్పటి ఫ్లాషర్ యూనిట్లు రెండు అటక మీదున్నాయి. బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలిగించేవి. మీ అమ్మ దసరాకి వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. ప్లగ్గులు పాతకాలంవి, మార్చుకోండి. మార్చిన బొమ్మ మళ్ళీ పంపు, మూడు తెరలతో.

ఇట్లు,
మీ మావయ్య